ఒట్టు తీసి గట్టు మీద పెట్టాం

2020 ఫిబ్రవరిలో కోడి మాంసానికి పట్టిన గతి గుర్తుందా? చైనాలో ఏదో వైరస్ పుట్టిందన్నారు, అది జంతువుల నుంచి మనిషికి సోకి ఉంటుందన్నారు, ఎవరో వాట్సాప్‌లో జబ్బు చేసిన కోడి ఫొటో పెట్టారు. ఇంకేముంది, ఆదివారం పొద్దున్నే జనం ఎగబడే విజయవాడ చికెన్ కొట్లలో యజమానులు ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. ఆ నెల 28న హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులు వేదికెక్కి, కెమెరాల ముందు చికెన్ తిని చూపించారు. పశువైద్యులు పత్రికల్లో మొత్తుకున్నారు. వినే నాథుడు లేడు. కోళ్ల రైతులకు మేత ఖర్చు కూడా తిరిగి రాలేదు. కొన్ని ఊళ్లలో కోళ్లను ఊరికే పంచిపెట్టారు. ఆదివారం ముక్క లేనిదే ముద్ద దిగని మా బంధువొకాయన, ఇక ఈ జన్మకు కోడి ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ భయాన్ని ఎవరు పోగొట్టారు? ఎవరూ పోగొట్టలేదు. లాక్‌డౌన్ వచ్చి ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉండేసరికి వారానికి ఏడు ఆదివారాలయ్యాయి. అప్పటికే చేతులు కాలిన రైతులు కొత్త కోడిపిల్లల్ని పెంపకానికి వేయడం తగ్గించారు కాబట్టి సరుకు కొరత వచ్చి, వేసవి ముదిరేసరికి ధర చెట్టెక్కి కూర్చుంది. గుడ్లు తినండి, మాంసకృత్తులు తినండి అని డాక్టర్లు చెప్పడం మొదలుపెట్టాక, ఫిబ్రవరిలో విషమైన కోడి కాస్తా మందయింది. మా బంధువు ఒట్టు తీసి గట్టు మీద పెట్టాడు. అప్పుడెందుకు మానావు, ఇప్పుడెందుకు తింటున్నావు అని అడిగితే రెండింటికీ ఒకటే జవాబు: "అందరూ అలాగే చేస్తున్నారు కదా!"

కరోనా మనల్ని మార్చేసిందని ఇప్పటికీ సభల్లో, టీవీ చర్చల్లో అంటుంటారు. పొదుపు నేర్పిందట, ఆరోగ్యం విలువ నేర్పిందట, ఇంటి వంట విలువ నేర్పిందట. నాకు ఈ మాట మీద పెద్ద నమ్మకం లేదు. భయం వల్ల పట్టుబడిన అలవాట్లు భయంతోపాటే పోయాయి. ఒళ్లు వంచే పని తగ్గించిన అలవాట్లు మాత్రం ఇంట్లో మనిషిలా ఉండిపోయాయి. ఇక అభిప్రాయాల సంగతంటారా, నోటితో అన్నదానికీ జేబులోంచి తీసి ఇచ్చినదానికీ ఆ రెండేళ్లలో పొంతన కుదరనే లేదు. జనం ఏమనుకుంటున్నారో తెలియాలంటే వాళ్ల మాటలు వినడం కన్నా సరుకుల చీటీ చదవడం మేలని నేననుకుంటాను.

ఇలా అనడానికి నా ఉద్యోగం కూడా ఒక కారణం. మందుల హోల్‌సేల్ వ్యాపారంలో లెక్కలు చూస్తాను. ఊరంతా మూతపడినప్పుడు కూడా మా గోడౌను తెరిచే ఉంది. ఏ పేటలో ఏ మందుకు గిరాకీ పెరిగిందో బిల్లుల్లో కనిపించేది. పేపర్లో కేసుల సంఖ్య పెరిగిన మర్నాడే విటమిన్ సి, జింకు బిళ్లలకు దుకాణాల నుంచి ఫోన్లు మోగేవి. డోలో 650 అన్న పేరు చదువురాని వాళ్ల నోట కూడా స్పష్టంగా పలికేది. కేసులు తగ్గాయంటే మరో రెండు మూడు వారాలకు ఆ ఫోన్లూ ఆగిపోయేవి. ఒకసారి తగ్గాక మళ్లీ పెరిగితే, ఇదే మొదటిసారి అన్నంత హడావుడి. ఆరోగ్యం మీద శ్రద్ధ నిజంగా అలవాటుగా మారి ఉంటే ఆ గీత అంత నిటారుగా లేచి అంత నిటారుగా పడేది కాదు.

శానిటైజర్ కథ ఇంకా ముచ్చటైనది. 2020 మార్చి 13న కేంద్రం మాస్కులనూ శానిటైజర్లనూ నిత్యావసర సరుకుల జాబితాలో చేర్చింది. వారం తిరిగేసరికి ధరలకు పరిమితి పెట్టింది: 200 మిల్లీలీటర్ల సీసా వంద రూపాయలు, రెండు పొరల మాస్కు 8 రూపాయలు, మూడు పొరలదైతే 10. అప్పటిదాకా శానిటైజర్ అంటే ఆపరేషన్ థియేటర్ల సరుకు. ఏప్రిల్ నాటికి ఊరూ పేరూ లేని కంపెనీల సీసాలు పచారీ కొట్లలో పప్పు డబ్బాల పక్కన చేరాయి. నిమ్మ వాసన, వేప వాసన, కలబంద, ఎన్ని రకాలో! ఏడాదిన్నర తిరిగేసరికి అవే సీసాలు గడువు తీరి మాకు వెనక్కి రావడం మొదలైంది. అట్టపెట్టెలు విప్పితే లోపల సీసాలు ఎండకు ఉబ్బి ఉన్నాయి, మూతలు వదులై సగం ద్రవం ఆవిరైపోయింది, కొన్నింటికి చీటీ ఊడి అట్టకు అంటుకుంది. లెక్క రాసుకోవడానికి బ్యాచ్ నంబరు కూడా కనబడలేదు. రోజుకు ఇరవైసార్లు చేతులు కడుక్కునే జాతిగా మారిపోయాం అని ఉపన్యాసాలిచ్చిన వాళ్లెవరైనా ఆ గోడౌనుకు వచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ సీసాల వెనుక ఒక విషాదం కూడా ఉంది. మద్యం దుకాణాలు 2020 మే 4న తిరిగి తెరిచినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదట 25 శాతం, మర్నాడే మరో 50 శాతం ధర పెంచింది. మందు మాన్పించడానికే అన్నారు. క్యూలు తగ్గలేదు. జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరకక శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. ధర పెంచితే అలవాటు పోతుందనేది బల్ల ముందు కూర్చున్న వాళ్ల అభిప్రాయం. అలవాటున్న వాడు చవకైన దారి వెతుక్కుంటాడు, ఆ దారి ఎక్కడికి పోతుందో చూసుకోడు.

ఇప్పుడు అసలు చేదు విషయానికి వస్తాను. ఆ రోజుల్లో ప్రజాభిప్రాయమని మనం పిలిచినదానిలో సగం, తప్పు ఎవరి మీద వేద్దామా అన్న వెతుకులాటే. మొదట విదేశాల నుంచి వచ్చిన పిల్లలు దొరికారు. రాష్ట్రంలో తొలి కేసు నెల్లూరులో, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థిది. నిన్నటి దాకా "మా వాడు ఫారిన్‌లో ఉన్నాడు" అని గొప్పగా చెప్పుకున్న ఇళ్లే తలుపులు వేసుకున్నాయి. మార్చి ఆఖర్లో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన తబ్లీగీ జమాత్ మత సమావేశానికి వెళ్లొచ్చిన వాళ్లకు వైరస్ సోకిన విషయం బయటపడగానే చూపులన్నీ ముస్లింల మీదకు తిరిగాయి. ఏళ్ల తరబడి పండ్లు కొన్న బండి దగ్గర పేరు అడిగి మరీ వెనక్కి తిరిగిన వాళ్లను మా వీధిలోనే చూశాను. ఏప్రిల్ చివర్లో కృష్ణా జిల్లా కలెక్టర్ ఒక విషయం చెప్పారు. కృష్ణలంకలో ఒక లారీ డ్రైవర్ పొద్దుపోక ఇరుగుపొరుగుతో పేకాడితే 24 మందికి సోకిందట. కార్మికనగర్‌లో మరో డ్రైవర్ ద్వారా ఇంకో 15 మందికి. ఆ దెబ్బతో కృష్ణలంక పేరు చెబితే ఆటో ఎక్కించుకునే వాళ్లు లేకపోయారు.

కాస్త ఆగి ఆలోచిద్దాం. ఆ లారీ డ్రైవర్లు లాక్‌డౌన్‌లో ఎందుకు తిరిగారు? మనకు ఉల్లిపాయలూ పప్పులూ మందులూ చేరవేయడానికే కదా! దేశంలో రవాణా రంగానికి విజయవాడ ఎంత పెద్ద కేంద్రమో ఆటోనగర్ చూసిన వారికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ బండ్లు తిరిగితేనే మన వంటింట్లో పొయ్యి వెలిగింది. నర్సుల సంగతీ అంతే. మార్చి 22 సాయంత్రం ఐదింటికి బాల్కనీల్లో నిలబడి పళ్లాలు మోగించి వాళ్లకు జేజేలు పలికాం. ఆ తర్వాత వారాల్లోనే అద్దె ఇళ్లు ఖాళీ చేయమని అడిగాం. వైద్య సిబ్బంది మీద దాడులు ఎంత దాకా వెళ్లాయంటే, 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పళ్లెం మోగించడానికి ఖర్చేమీ లేదు. ఇల్లు అద్దెకిచ్చి భరించడానికి గుండె కావాలి.

జేబుకూ నోటికీ కుదరకపోవడమంటే చైనా సరుకుల గొడవ చెప్పాలి. 2020 జూన్ 15న సరిహద్దులోని గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్ బాబు సహా ఇరవై మంది సైనికులు ప్రాణాలిచ్చారు. తెలుగు ఇళ్లలో ఆ దుఃఖం నిజమైనది, కోపమూ నిజమైనదే. నెలాఖరుకు ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. చైనా ఫోను కొనబోమని ప్రతిజ్ఞలు చేశాం. ఆ ప్రతిజ్ఞల్లో చాలా భాగం చైనా కంపెనీల ఫోన్లలోనే టైపు చేశాం. ఇంతలో పిల్లలకు ఆన్‌లైన్ తరగతులు మొదలయ్యాయి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒక్క ఫోను చాలదు. పది వేల లోపు ధరలో ఏది దొరికితే అది కొన్నారు. ఆ ఏడాది మొత్తం మీద దేశంలో ఎక్కువగా అమ్ముడైన ఫోన్లు షావోమీవే. ఇందులో ద్రోహమేమీ నాకు కనిపించదు. ఎనిమిదో తరగతి పిల్ల చదువు ఆగిపోతుంటే తండ్రి దేశభక్తిని ఆ పిల్ల ఫోను మీద పరీక్షించకూడదు. కానీ ప్రతిజ్ఞను చూసి ప్రజాభిప్రాయం మారిపోయిందని రాసిన వాళ్లు ఒకసారి బిల్లు కూడా చూసి ఉండాల్సింది.

మా సత్యనారాయణపురంలో ఒక పచారీ కొట్టుంది. లాక్‌డౌన్‌లో ఆయన కొట్టు ముందు అడ్డంగా కొబ్బరి తాడు కట్టాడు. రోడ్డు మీద సున్నంతో గుండ్రాలు గీశాడు. ఎవరో ఇచ్చిన పీవీసీ గొట్టాన్ని నిలువునా చీల్చి గట్టు మీద నుంచి వాలుగా పెట్టాడు. మనం చీటీ చదివితే, సరుకు పొట్లాలు ఆ గొట్టంలో జారుకుంటూ మన సంచిలోకి వచ్చేవి. కందిపప్పు జర్రున వచ్చేది, బెల్లం దిమ్మ మధ్యలో ఆగిపోయేది, దాన్ని చీపురు కర్రతో తోసేవాడు. డబ్బులకు ఒక ప్లాస్టిక్ గంపను తాడుతో లాగేవాడు. నోట్ల మీద శానిటైజర్ చల్లి, బట్టల క్లిప్పులతో తీగకు తగిలించి ఆరబెట్టేవాడు. ఎవరికీ లేదనకుండా తెల్లవారుజామునే గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌కు వెళ్లి, పోలీసుల ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటూ సరుకు తెచ్చేవాడు.

ఆ రోజుల్లో పెద్ద సూపర్ మార్కెట్ల యాప్‌లు "డెలివరీకి ఖాళీ లేదు" అని చేతులెత్తేశాయి. ఈయన అరువు ఇచ్చాడు. జీతాలు ఆగిపోయిన ప్రైవేటు స్కూలు టీచర్లకు, మూతపడిన హోటళ్లలో పనిచేసే వాళ్లకు, పద్దు పుస్తకంలో పేరు రాసి నెలల తరబడి సరుకిచ్చాడు. ఒకసారి నేనుండగానే ఒక టీచరమ్మ మొహమాటపడుతూ నిలబడితే, "అమ్మా, బడి తెరిచాక చూసుకుందాం, ముందు పిల్లలకు వండిపెట్టండి" అన్నాడు. రాష్ట్రంలో బడులు తిరిగి తెరవడం మొదలైంది ఆ ఏడాది నవంబరు 2న. పద్దులో ఎన్ని పేజీలు నిండి ఉంటాయో ఊహించుకోండి. వీధి మొత్తం ఆయన్ని దేవుడంది. ఇక జన్మలో వేరే చోట సరుకులు కొనమంది. మళ్లీ ఒట్లు.

ఇప్పుడా కొట్టుకు వెళ్తే కొనేవాళ్లు కనిపిస్తారు గాని, కొనే సరుకు మారిపోయింది. నెల సామాను పెద్ద దుకాణంలో, రాయితీ ఉన్న రోజు చూసి. మధ్యలో అవసరమైనవి ఫోనులో నొక్కితే పావుగంటలో గుమ్మం ముందుకు. ఈయన దగ్గర పాల ప్యాకెట్టు, కొత్తిమీర కట్ట, మర్చిపోయిన అగ్గిపెట్టె. అరువు కావాలంటే మాత్రం ఇప్పటికీ ఈయనే. ఇందులో ఎవరినీ తిట్టాలని లేదు. రాయితీ వస్తుంటే ఎవరైనా ఎందుకు వదులుకుంటారు? నాకు ఒళ్లు మండేదల్లా, స్థానిక వ్యాపారుల విలువ కరోనా వల్ల మనకు తెలిసొచ్చిందనే కబుర్లు వింటేనే. తెలిసొచ్చిన మాట నిజం, ఆ తెలివి మళ్లీ సరుకుల లిస్టు రాసే దాకా కూడా నిలవలేదు.

ఆ కొట్టులో మిగిలిన మార్పు ఒక్కటుంది, గల్లాపెట్టె మీద అతికించిన క్యూఆర్ కోడు. యూపీఐ వచ్చింది 2016లో. నాలుగేళ్లు పట్టణ కుర్రవాళ్ల సరదాగానే నడిచింది. 2020 ఏప్రిల్‌లో అన్నీ మూతపడి లావాదేవీలు పడిపోయాక కూడా ఆ నెలలో దాదాపు వంద కోట్లున్నాయి. అదే ఏడాది అక్టోబరులో 200 కోట్లు దాటాయి. 2023 ఆగస్టులో వెయ్యి కోట్లు దాటాయి. నోటు ముట్టుకోవాలంటే భయం కాబట్టి జనం దీన్ని పట్టుకున్నారు, కానీ భయం పోయాక ఎందుకు వదల్లేదు? చిల్లర పీడ వదిలింది కాబట్టి. రెండు రూపాయలకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టే పద్ధతి పోయింది కాబట్టి. అరవై దాటిన మా కొట్టాయన కూడా మాట్లాడే పెట్టె కొనుక్కుని, అది "రూపాయలు అందాయి" అంటేనే సంచి చేతికిస్తాడు. వ్యాపారానికీ కొనేవాడికీ ఒకేసారి పని తగ్గించిన మార్పు ఇదొక్కటే. అందుకే ఇది నిలిచింది. బెసెంట్ రోడ్డులో తోపుడుబండి మీద జడపిన్నులు అమ్మే ఆవిడ దగ్గర కూడా ఆ అట్టముక్క వేలాడుతుంటుంది.

పొదుపు సంగతి రెండు అంకెల్లో చెప్పేయవచ్చు. కుటుంబాల ఆర్థిక పొదుపు 2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో జీడీపీలో 21 శాతానికి ఎగబాకిందని, మరుసటి త్రైమాసికంలోనే 10.4 శాతానికి దిగిందని రిజర్వ్ బ్యాంకు అంచనా. దుకాణాలు మూసి ఉంటే ఖర్చు పెట్టడానికి చోటెక్కడిది? దాన్ని పొదుపరితనమని ఎలా అంటాం? అదీగాక ఈ లెక్క పొదుపు చేయగలిగిన వాళ్లది. చేయలేని వాళ్ల లెక్క బంగారం తాకట్టు కొట్ల దగ్గర తేలింది. 2020 ఆగస్టులో పది గ్రాముల బంగారం యాభై ఐదు వేలు దాటింది. సరిగ్గా అదే నెలలో, బంగారం విలువలో 75 శాతం కాదు 90 శాతం దాకా అప్పు ఇవ్వవచ్చని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అనుమతి ఇచ్చింది. ఒకే వీధిలో ఒకరు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు, ఒకరు నల్లపూసలు తాకట్టు పెట్టారు.

పెళ్లిళ్ల గురించి చెప్పాలా? యాభై మందితో, రెండో విడతలో ఇరవై మందితో పెళ్లిళ్లు జరిగినప్పుడు, ఇదే బాగుంది, ఇకపై ఇలాగే చేసుకోవాలి అని అనని ఆడపిల్ల తండ్రి లేడు. ఇప్పుడు ముహూర్తాల రోజుల్లో బెంజ్ సర్కిల్ దాటి కల్యాణ మండపాల వైపు వెళ్లి చూడండి. గాంధీనగర్ థియేటర్లూ అంతే. ఇంట్లో సోఫాలో కూర్చుని సినిమా చూడటం రుచి మరిగాక ఇక హాలుకు ఎవరొస్తారన్నారు. అభిమాన హీరో సినిమా అయితే తెల్లవారుజాము ఆటకు కూడా వచ్చారు. చిన్న సినిమాకు మాత్రం నిజంగానే రావడం మానేశారు. ఓపిక ఎవరి మీద తగ్గించుకోవచ్చో అక్కడ తగ్గించుకున్నారు.

టీకా విషయంలో మాత్రం జనాన్ని వెనకేసుకొస్తాను. 2021 జనవరి 16న రాష్ట్రంలో టీకాలు మొదలైంది మన విజయవాడ పెద్దాసుపత్రిలోనే. మొదటి వారాల్లో ఆసుపత్రి సిబ్బందే వెనకాడారు. నాకు తెలిసిన చాలామంది "ముందు ఎవరైనా వేయించుకోనీ, చూద్దాం" అన్నారు. ఏప్రిల్, మే నెలల్లో రెండో విడత విరుచుకుపడింది. మంచాలు లేవు, ఆక్సిజన్ లేదు, రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ల కోసం మా గోడౌను గేటు దగ్గర జనం ఏడ్చేవారు. మా దగ్గర లేదని చెప్పినా కదిలేవారు కాదు. అప్పుడు తెల్లవారకముందే టీకా కేంద్రాల దగ్గర చెప్పులు వరసలో పెట్టారు. జూన్ 20న రాష్ట్రంలో ఒక్క రోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. జనవరిలో వద్దన్న వాళ్లకూ జూన్‌లో క్యూ కట్టిన వాళ్లకూ మధ్య తేడా చదువులో లేదు, ఆ మధ్యలో ఇంట్లోనో పక్కింట్లోనో జరిగిన చావులో ఉంది.

అదే మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చే కరోనా మందుకు వేలమంది వెళ్లారు. అధికారులు పంపిణీ ఆపించారు, పరీక్షలన్నారు, నెలాఖరుకు కంటి చుక్కలు తప్ప మిగతావాటికి ప్రభుత్వం అనుమతించింది. ఆ జనాన్ని చూసి నవ్విన వాళ్లంటే నాకు గిట్టదు. మందుల వ్యాపారంలో ఉన్నవాడిగా నాకు ఆ మందు మీద నమ్మకం లేదు. కానీ ఆసుపత్రిలో చేర్చుకోవడానికి ముందుగా లక్షలు కట్టమంటున్న రోజుల్లో, ఒక మనిషి డబ్బు తీసుకోకుండా ఇస్తానంటే బస్సెక్కి వెళ్లడం మూఢనమ్మకం అనిపించుకోదు. అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లలో నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు మరుసటి నెలలో టీకా కూడా వేయించుకున్నారు. వాళ్లకు రెండింటి మధ్య పేచీ కనిపించలేదు.

ఇంత చెప్పాక నా వాదనకు అడ్డం తిరిగే విషయం ఒకటుంది, దాన్ని దాచను. భయంతో కొన్న వాటిలో ఆరోగ్య బీమా ఒక్కటి చాలా ఇళ్లలో నిలిచింది. 2020 జూలైలో కరోనా కవచ్ పాలసీలు వచ్చినప్పుడు తక్కువ కాలానికి తీసుకున్న వాళ్లు, తర్వాత మామూలు పాలసీలకు మారి కొనసాగిస్తున్నారు. ఇదెందుకు పోలేదంటే, దీని వెనుక ఉన్న భయం వైరస్‌ది కాదు, బిల్లుది. ప్రైవేటు ఆసుపత్రుల్లో కోవిడ్ చికిత్సకు రోజుకింత అని ప్రభుత్వం ధరలు నిర్ణయించినా, చేతికొచ్చిన బిల్లులు ఎలా ఉన్నాయో అనుభవించిన వాళ్లు మర్చిపోలేదు. తెల్లకార్డు ఉన్నవారికి ఆరోగ్యశ్రీ (2024లో పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది) ఉండేది, 2023 డిసెంబరులో దాని పరిమితిని 25 లక్షలకు పెంచారు కూడా. నెల జీతంతో బతుకుతూ పన్ను కట్టే ఇంటికి ఆ గొడుగు ఉండేది కాదు. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. ఊపిరి పీల్చుకున్నాం. ఆ తర్వాత వచ్చిన మా రెన్యువల్ నోటీసులో, వయసు పెరిగిందని అసలు ప్రీమియమే పెంచి, పోయిన పన్నును ఇంచుమించు పూడ్చేశారు. ఫోను చేసి అడిగితే, "సార్, మీరు నలభై ఐదు దాటారు కదా" అంది అవతలి అమ్మాయి. పద్దు పుస్తకం తీసి అరువు రాసుకునే వాళ్లు ఈ వ్యాపారంలో లేరు. నెలాఖరులోగా కట్టాలి.